కాటను దొరయు కఱవు కథయు

గోదావరి మండలమున కాలువగట్ల వెంట పోవువానికి అడుగడుగున కాటను దొర విగ్రహము కనబడును. ఆ విగ్రహమునకు పూలదండ వేయువారిలో కుంపిణీ ప్రభుత్వమును మెచ్చువా డొక్కడును లేడు. పరప్రభుత్వమును పాఱద్రోలిన జాతి ఆ ప్రభుత్వపు సైనికోద్యోగి యొకనిని ఇంతగా తలచుకొనుట వింతగానే తోచును. పెన్న యొడ్డున నున్న నెల్లూరివారికి ఆయనతో అంత చుట్టఱికము లేదు. అయినను గడచిన రెండువందల యేండ్లలో ఈ తీరమునకు వచ్చిన కఱవులను, వఱదలను, ఉప్పెనలను వరుసగా పెట్టి చూడదలచినవారికి ఆయన జీవితము మిక్కిలి పనికివచ్చును. ఏలయన, ఆపద ఆకాశమునుండి ఊడిపడునదా, లేక అంతకు ముందే నేలమీద సిద్ధము చేయబడునదా యను ప్రశ్నను తన కొలువుకాలమంతయు అడిగినవా డాయన. ఆ ప్రశ్నకు ఆయన కనుగొనిన జవాబులో సగము మాత్రమే నిజమని కూడ చెప్పవలసియున్నది. ఆ మిగిలిన సగము నెల్లూరు తీరమునకు సంబంధించినది.

ఆర్థర్ కాటను 1803 మే 15వ తేదీని ఇంగ్లండులో జన్మించెను. తలిదండ్రులకు పదునొకండుగురు కుమారులు, ఆయన పదవవాడు. అట్టి కుటుంబములలో చిన్నవారికి ఆస్తి దక్కుట అరుదు. కుంపిణీ కొలువే దారి. పదునైదేండ్ల ప్రాయమున కుంపిణీవారి సైనిక విద్యాలయమున చేరి, ఇంజనీరు విద్య నేర్చి, 1821లో మద్రాసున దిగెను. 1824లో మొదలైన బర్మా యుద్ధములో పనిచేసి తిరిగివచ్చిన కొంతకాలమునకు కావేరి మండలపు నీటిపారుదల పనులు ఆయనకు అప్పగింపబడినవి. ఆయన అసలు చదువు అక్కడ మొదలయ్యెను. ఆ చదువునకు గురువులు దొరలు కారు. ఇసుక తప్ప బండ దొరకని ఏటిగర్భమున చోళులనాడు కట్టిన కల్లణై చెక్కుచెదరక నిలిచియుండుటను చూచి, దాని కట్టుబడిని పరీక్షించి, వదులు ఇసుకలోనికి రాళ్లు దిగబడి దిగబడి తుదకు కదలని పునాది యగునను మర్మమును ఆయన గ్రహించెను. ఆ విద్యతోనే 1836లో కొల్లడము నదికి ఆనకట్టలు కట్టెను. తరువాత గోదావరికిని ఆ విద్యయే పనికివచ్చెను. ఈ ఋణమును ఆయన దాచలేదు. మన పూర్వుల పనితనమును మెచ్చుకొని, అట్టి పనులను పాడుపడనిచ్చిన తన ప్రభుత్వమునే తప్పుపట్టెను. కొలువులో నున్నవానికి ఇది సుళువైన పని కాదు.

ఆయన కావేరి తీరమున నున్న కాలముననే తెలుగుదేశమున నందన కఱవు వచ్చెను. 1832-33 నాటి ఆ కఱవునే మన పెద్దలు డొక్కల కఱవనియు అనిరి. గుంటూరు మండలపు ఐదులక్షల జనములో ఇంచుమించు రెండులక్షలమంది నశించిరి. నాడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిదే. మద్రాసు చేరినచో గంజి దొరకునను ఆశతో బయలుదేరినవారి శవములు ఆ ఉత్తరపు రస్తా పొడుగున పడియుండెను. వాన కురియలేదనుట నిజమే. కాని వాన కురియని యేడు అంతకు ముందును వచ్చినది; ఈమాఱు జనమింతగా చచ్చుటకు వాన యొక్కటే కారణమనుట చెల్లదు. చెఱువుల మరమ్మతుకై పూర్వపు ప్రభువులు విడిచిన దశబంధపు ఇనాములు పలుచోట్ల ఆ పనికి గాక వేఱు పనులకు పోయినవి. తెగిన గట్లు తెగినట్లే యుండెను. శిస్తు రొక్కముగా కట్టవలసియుండుటచే పంట యింటికి రాగానే అమ్ముకొనవలసినదే. పాతరలో మిగులున దేమియు లేదు. ఒక తాలూకాలో గింజ యున్నను మఱియొక తాలూకాకు తెచ్చుటకు బండి నడచు బాట లేదు. బాట యున్నచోట గడ్డియు నీరును లేక ఎద్దులు ముందే కూలినవి. మగ్గము మీద బ్రదుకువాడు సీమగుడ్డ వలన అంతకు ముందే దెబ్బతినియుండెను. ఇట్లు కఱవునకు కావలసిన కట్టెలన్నియు పేర్చబడియుండగా, వాన రాకపోవుట వానికి నిప్పు పెట్టినది.

గోదావరి మండలము నందును ఇదియే కథ. పెద్ద నది నడుమనుండి పాఱుచున్న ఆ సీమలో 1821 ప్రాంతమున ఏడులక్షల ముప్పది యెనిమిదివేల జనముండగా, ఇరువదేండ్లు గడచుసరికి ఐదులక్షల అఱువది యొకటివేలకు దిగెను. కఱవు కొంత, కూలిపోయిన గుడ్డ వర్తకము కొంత, 1839 నవంబరులో కోరంగి రేవును ముంచివేసిన ఉప్పెన కొంత దీనికి కారణములు. 1844లో ఆ మండలమును విచారించుటకు వచ్చిన కాటనునకు ఒక సంగతి కంటికి కట్టినట్లు కనబడెను. ఒకే నది ఒక యేడు ఊళ్లను ముంచుచు, మఱియొక యేడు అదే ఊళ్ల ప్రక్కనుండి సముద్రములోనికి పోవుచుండగా ఆ యూరివారు నీరులేక చచ్చుచున్నారు. కావున ఆ జనమునకు కఱవైనది నీరు కాదు, నీటిని పట్టి నిలుపు ఏర్పాటు. ఈ మాట నేడు మనకు మామూలుగా తోచును. నాటి అధికారులకు కఱవు దైవికము. దైవికమైన దానికి ప్రభుత్వము బాధ్యత వహింపనక్కఱలేదు. ఆ నెపమును ఆయన తీసివేసెను. ఆయన చేసిన పనులన్నిటిలో ఇదియే పెద్దదని మా యభిప్రాయము. ఆనకట్ట దీనికి తరువాతిది.

ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా నదిపాయలకు అడ్డముగా రాతికట్టడము లేచినది. నడుమ దొర ఆరోగ్యము చెడి సెలవు మీద పోవలసివచ్చెను. కూలీలను కూర్చి, పనిని నడిపి, పై యధికారులకును పనివారికిని నడుమ నిలిచిన వీణం వీరన్నగారి పేరు ఈ సందర్భమున మఱువరాదు. రాళ్లు మోసిన వేలాది జనము పేర్లు ఎవ్వరును వ్రాసి పెట్టలేదు. కృష్ణకు బెజవాడవద్ద ఆనకట్ట 1855లో పూర్తియైనది. దానిని కట్టించినవాడు కెప్టెన్ ఓర్ అయినను, మార్గము కాటను చూపినదే. ఆ యేడే నెల్లూరివద్ద పెన్నకును ఆనకట్ట ఏర్పడినది. పెన్న స్వభావము వేఱు. ఏడాదిలో పెక్కునెలలు ఇసుకమేట; మీది సీమలలో వాన కురిసిన నాలుగు దినములు మహానది. అందుచే ఆ కట్ట వఱదలకు దెబ్బతినుచు, బాగుచేయబడుచు నిలిచెను. సంగమువద్ద రెండవ కట్ట 1886లో వచ్చినది. మొలగొలుకుల బియ్యమునకు దేశమంతట పేరు తెచ్చిన మాగాణి ఈ కట్టల నీటి వలననే బలపడినది. ఆ రెండు కట్టల చోటను కొత్త బ్యారేజీలు 2022లో ప్రారంభింపబడినవి.

కుంపిణీ ఈ పనులకు సొమ్ము విడిచినది దయచేత కాదు. నీరు పాఱినచోట మాగాణి శిస్తు పెరుగును. పెట్టిన రూపాయికి ఇంత రాబడి యని చూపినగాని మంజూరు లేదు. కాటను ఆ భాషలోనే మాటలాడెను, మాటలాడక తప్పలేదు. కాని ఆ భాష చివరకు ఆయననే బంధించినది. లాభము చూపుట అలవాటైన పిదప లాభము రాని చోటను లాభము వచ్చునని చెప్పుట మొదలైనది. రైలు మార్గములకు నూటికి ఐదు వడ్డీ హామీ యిచ్చి కోట్లు కుమ్మరించుచు, కాలువలకు చేయి ముడుచుకొనుచున్నారని ఆయన చేసిన ఆక్షేపణ న్యాయమైనదే. పడవలు నడుచు కాలువలతో దేశపు నదులన్నిటిని కలుపవలెనని ఆయన పట్టుపట్టెను. అయితే ఆయన ఆశీర్వాదముతో పుట్టిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ కర్నూలు కడప కాలువ త్రవ్వి, ఖర్చు మితిమీఱి, రైతులు నీరు తీసికొనక నష్టపడి, తుదకు 1882లో ప్రభుత్వమునకు అమ్ముడుపోయెను. నల్లరేగడిలో జొన్న వేయు రైతునకు ఏటేట కాలువ నీరు కొనవలసిన అగత్యము లేదను సంగతి డెల్టాలు చూచిన కంటికి ఆనలేదు. నదిని ఆయన బాగుగా చదివెను. మెట్టరైతును అంతగా చదువలేదు.

1860లో ఆయన కొలువు విడిచి స్వదేశమునకు పోయెను. మరుసటి యేడు సర్ బిరుదము వచ్చినది. ధాత కఱవు వచ్చుసరికి ఆయనకు డెబ్బది మూడేండ్లు. 1876 మొదలు 1878 వఱకు మద్రాసు రాజధానిలో ఇంచుమించు ముప్పదియైదు లక్షల ప్రాణములు పోయినవని అంచనా. పీడింపబడిన జిల్లాలలో నెల్లూరును ఒకటి. ఈమాఱు రస్తాలున్నవి, రైళ్లున్నవి. మద్రాసు రేవున ధాన్యపు బస్తాలు దిగుచునే యున్నవి. కాని కొనుటకు కూలివానిచేత కాసు లేదు. ధర యెక్కడ ఎక్కువయో రైలు గింజను అచ్చటికి మోసికొనిపోవును గాని, ఆకలి యెక్కడ ఎక్కువయో అచ్చటికి కాదు. సహాయపు పనులలో కూలివానికి దినమునకు ఒక పౌను గింజ చాలునని సర్ రిచ్చర్డు టెంపుల్ తగ్గించిన దీ కఱవులోనే. అదే కాలమున గోదావరి, కృష్ణా డెల్టాలు తాము తిని, ఇతరులకు పంపి, వలసవచ్చినవారికి చోటిచ్చినవి. వాన అక్కడను తక్కువే; చావు మాత్రము అక్కడికి రాలేదు. ముప్పదియేండ్ల క్రిందట కాటను చేసిన వాదమునకు ఇంతకు మించిన సాక్ష్యము అక్కఱలేదు. ముసలి వయస్సున ఆయన వ్యాసములు వ్రాసి, ఉపన్యాసము లిచ్చి, ప్రభుత్వమును నిలదీసెను. 1878లో పార్లమెంటు సంఘము ఆయనను విచారించి, ఆయన లెక్కలు నమ్మదగినవి కావని తేల్చెను. కొన్ని లెక్కలు నిజముగనే నమ్మదగినవి కావు. కాని లెక్క తప్పినంతమాత్రమున చచ్చినవారు లేచి రారు గదా. తరువాత కూర్చున్న కఱవు కమిషను కఱవుసీమలకు రక్షణగా నీటిపనులు కావలెననియే 1880లో సలహా యిచ్చినది. కఱవు నిబంధనల గ్రంథము 1883లో వచ్చినది. కాటను 1899 జూలై 24వ తేదీని, తొంబదియాఱేండ్లు నిండి, ఇంగ్లండులోని డార్కింగులో మరణించెను.

ఇక ఆయన జవాబులోని కొఱత. ఆయన నీరులేమిని చూచెను, నది పొంగును చూచెను. సముద్రమును తన లెక్కలో అంతగా చేర్చలేదు. కృష్ణ ఆనకట్ట ముగిసిన తొమ్మిదేండ్లకు, 1864 నవంబరు 1వ తేదీ రాత్రి, బందరు మీదికి ఉప్పెన వచ్చి ముప్పదివేలమందిని తీసికొనిపోయెను. కాలువ నీరు వచ్చినకొలది జనము సముద్రపు టంచువఱకు జరుగుచు వచ్చిరి. పూర్వము పశువులు మేయు ఉప్పునేలలు వరిమళ్లైనవి. వరిమళ్ల ప్రక్కన కూలివాండ్ర గుడిసెలు వెలసినవి. కఱవు భయము తీరినచోటనే ఉప్పెన భయము పెరిగినది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో ఇంచుమించు పదివేలమంది మునిగిన నాడు ఈ సంగతి తెల్లమైనది. ఆ నేలకు నీరిచ్చి జనమును పిలిచినవారు, సముద్రము వచ్చినచో ఆ జనము ఎక్కడికి ఎక్కవలెనో చూడలేదు. మేడగల రైతు మేడ యెక్కెను. తాటాకు గుడిసెవానికి ఎక్కుటకు ఏమియు లేదు.

నెల్లూరు తీరమున ఈ భేదము ఇంకను స్పష్టముగా కనబడును. కావలి మొదలు పులికాటు వఱకు గల ఈ సన్నని పట్టీలో మూడు తెగలవారు మూడు ఎత్తులలో బ్రదుకుచున్నారు. కాలువ ఆయకట్టు రైతు మెరక మీది యూరిలో నుండును. పట్టపువారు వలలు, తెప్పలు కనుచూపులో నుండవలెను గనుక ఇసుకదిబ్బ మీది పాలెములలో నుందురు. యానాదులు ఎవ్వరికిని అక్కఱలేని చోట, కాలువ పోరంబోకులలోను, చెఱువుగట్ల క్రిందను, ఉప్పుటేళ్ల యొడ్డునను గుడిసె వేసికొందురు. తుపాను ముగ్గురి మీదను ఒకే గాలితో వచ్చును. మరునాడు పట్టా యున్నవానికి నష్టపరిహారము వ్రాయబడును. పట్టా లేనివాని గుడిసె లెక్కకే రాదు. 1990 తరువాత రొయ్యల చెఱువులు పెరిగి, మంచినీటి నూతులు ఉప్పెక్కి, ఇసుకదిబ్బలు చదునై, ఉన్న కాస్త అడ్డును తగ్గిపోయినది. ఆ చెఱువులలో లాభము తీసినవారిలో మన పాఠకులును కొందఱుందురు. ఈ మాట వారికి రుచింపకపోవచ్చును.

అయినను మనుష్యుడు చేయగలది లేదనుట తప్పు. 1927 నవంబరులో నెల్లూరు మీదికి వచ్చిన తుపాను జిల్లాను పాడుచేసెను. 1984 నవంబరులో శ్రీహరికోటవద్ద తీరము దాటిన తుపానునకు వందలమంది బలియైరి. అయిదేండ్లకు, 1989 నవంబరులో, కావలివద్ద అంతకు మించిన ఉద్ధృతితో గాలి విరుచుకొనిపడినది. ఇండ్లు కూలినవి, తోటలు నేలమట్టమైనవి, కాని ఈ రాష్ట్రమున మృతుల సంఖ్య నూఱు దాటలేదు. గాలి మెత్తబడుట చేత కాదు. హెచ్చరిక ముందుగా వచ్చినది, జనమును ముందుగా తరలించిరి, తలదాచుకొనుటకు గట్టి కట్టడములు అంతకంతకు ఏర్పడియుండెను. కాటను కఱవును గూర్చి చెప్పినదే తుపాను విషయమునను నిజమైనది. ఇక వఱద మాట వేఱుగా నున్నది. 2021 నవంబరులో సోమశిలనుండి లక్షల క్యూసెక్కుల నీరు విడువవలసివచ్చినప్పుడు పెన్న తన పాత దారిని వెదకికొని, ఆ దారిలో వెలసిన కాలనీలలోనికి చొచ్చెను; రైలుదారియు, పెద్దరస్తాయు తెగినవి. నది గర్భమును స్థలములుగా కోసి అమ్మినవారు ఆ రాత్రి ఆ యిండ్లలో లేరు.

కాటను కోరిన పడవకాలువలలో మన తీరమునకు దక్కినది బకింగుహాము కాలువ. పంతొమ్మిదవ శతాబ్ది మొదట మద్రాసువద్ద ప్రారంభమై, దఫదఫాలుగా ఉత్తరమునకు పొడిగింపబడి, పెదగంజామువద్ద కృష్ణ కాలువలతో కలిసినది. ధాత కఱవులో కూలివాండ్రకు తిండి పెట్టుటకై త్రవ్వించిన పనులలో ఇదియు నొకటి. నాటి గవర్నరు పేరే దీనికి పెట్టిరి. కాకినాడ బియ్యము, నెల్లూరు ఉప్పు, శ్రీహరికోట వంటచెఱకు చాలకాలము ఈ నీటిమీదనే మద్రాసునకు పోయినవి. రైలుతో పోటీకి నిలువలేక, పూడిక తీయువారు లేక, తుపానులలో గట్లు తెగి, పడవలు క్రమముగా ఆగిపోయినవి.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయమున సునామీ వచ్చినప్పుడు ఆంధ్రతీరమున నూఱుమందికి పైగా మరణించిరి. దక్షిణమున తమిళదేశపు తీరమున జరిగిన నాశముతో పోల్చిన ఇది స్వల్పమే. తీరమునకు సమానముగా, కిలోమీటరు రెండు కిలోమీటర్ల దూరమున పోవుచున్న ఈ కాలువ, పైకి వచ్చిన సముద్రపు నీటిని తనలో పట్టుకొని, కొద్ది నిమిషములలో మరల వెనుకకు విడిచినదనియు, దాని వెనుకనున్న ఊళ్లు అందుచే బ్రదికినవనియు శాస్త్రజ్ఞులు 2005లో వ్రాసిరి. కఱవునాడు గంజికై మట్టి మోసినవారు సముద్రమునకు అడ్డుకట్ట వేయుచున్నామని ఎఱుగరు. ఆ కాలువకు తూర్పున, కాలువకును సముద్రమునకును నడుమ, పట్టపుపాలెములున్నవి. ఆ యుదయమున నీరు మొదట వారి యిండ్లలోనికే వచ్చినది.